డాబా మీద టెలిస్కోపు, గదిలో కంప్యూటర్: రెండింటినీ కలపడం ఎలా

స్టెల్లేరియం అనే ఆకాశపటం ప్రోగ్రాం తెరిచి, తెర మీద కనిపిస్తున్న శని గ్రహాన్ని నొక్కితే, డాబా మీద ఉన్న టెలిస్కోపు తనంతట తానే తిరిగి శని దగ్గర ఆగాలి. ఇంట్లో మోటార్ల టెలిస్కోపు, కంప్యూటర్ రెండూ ఉన్నవారికి ఈ కోరిక ఎప్పుడో ఒకప్పుడు కలుగుతుంది. దానికి పెద్ద పరిశోధనశాల అక్కర్లేదు. ఒక కేబులు, ఉచితంగా దొరికే ఒకటి రెండు ప్రోగ్రాములు, ఒక సాయంత్రం పాటు ఓపిక ఉంటే చాలు.

అయితే పని మొదలుపెట్టే ముందే ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ ఏర్పాటులో కంప్యూటర్‌కు ఆకాశం కనిపించదు. అది టెలిస్కోపుకు పంపేది రెండే అంకెలు: విషువాంశం, క్రాంతి. భూమి మీద ఒక ఊరిని రేఖాంశం, అక్షాంశం ఎలా సూచిస్తాయో ఆకాశంలో ఒక చుక్క స్థానాన్ని ఇవి అలా సూచిస్తాయి. ఆ అంకెలున్న చోటికి టెలిస్కోపు తిరుగుతుంది. తాను ఇప్పుడు ఎటు చూస్తున్నానన్న లెక్క దాని దగ్గర తప్పుగా ఉంటే, వెళ్లే చోటు కూడా తప్పే అవుతుంది. తెర మీద మాత్రం అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్తవారికి ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. అందుకే ఈ వ్యాసంలో కేబుళ్ల కంటే కాలం, స్థలం, అలైన్‌మెంట్ (టెలిస్కోపుకు తాను ఎటు చూస్తోందో చుక్కల సాయంతో నేర్పడం) గురించే ఎక్కువ చెబుతాను.

ఉదాహరణకు సెలెస్ట్రాన్ కంపెనీ నెక్స్‌స్టార్ 6ఎస్ఈ టెలిస్కోపును తీసుకుందాం. అద్దం వ్యాసం 150 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 1500 మిల్లీమీటర్లు. ఒకే చేయి ఉన్న మౌంట్ (గొట్టాన్ని మోసి తిప్పే మోటార్ల పీఠం) మీద కుడి ఎడమలకు, పైకీ కిందికీ తిరుగుతుంది. మీ దగ్గర ఉన్నది స్కై-వాచర్ అయినా, మీడ్ అయినా పద్ధతి దాదాపు ఇదే. డ్రైవర్ (పరికరంతో మాట్లాడటానికి కంప్యూటర్‌కు కావాల్సిన చిన్న ప్రోగ్రాం) పేరు, కేబుల్ మారుతాయి. మోటార్లు లేని టెలిస్కోపుకు మాత్రం ఇది పనికిరాదు.

మొదట టెలిస్కోపు లేకుండానే

పగటిపూట, గదిలో కూర్చుని, టెలిస్కోపును పెట్టెలోంచి తీయకుండానే సగం పని నేర్చుకోవచ్చు. స్టెల్లేరియం విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఉచితంగా నడుస్తుంది. దాన్ని పెట్టుకున్నాక ఎఫ్6 నొక్కి మీ ఊరిని ఎంచుకోండి. హైదరాబాద్ అయితే ఉత్తర అక్షాంశం 17.4, తూర్పు రేఖాంశం 78.5. విశాఖపట్నం అయితే 17.7, 83.2. మీ ఊరు జాబితాలో లేకపోతే ఫోనులోని మ్యాపు చూసి ఆ అంకెలు మీరే నింపండి.

ఇప్పుడు ఎఫ్2 నొక్కితే అమరికల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ప్లగిన్ల (అదనపు పనుల కోసం చేర్చుకునే భాగాల) విభాగంలో టెలిస్కోప్ కంట్రోల్ అనేది ఉంటుంది. ప్రోగ్రాం మొదలైనప్పుడే ఇదీ మొదలయ్యేలా అక్కడున్న గడిలో టిక్ పెట్టి, స్టెల్లేరియంను ఒకసారి మూసి మళ్లీ తెరవండి. అలా మూసి తెరిచేదాకా ప్లగిన్ పనిచేయదు. తర్వాత అదే చోటికి వెళ్లి కాన్ఫిగర్ నొక్కి, కొత్త టెలిస్కోపును చేర్చండి. దాన్ని ఎవరు నడపాలి అని అడిగినప్పుడు నిజమైన టెలిస్కోపుకు బదులు, ఊరికే అనుకరించు అన్న అర్థం వచ్చే చివరి ఎంపికను తీసుకోండి. కనెక్ట్ నొక్కగానే ఆకాశంలో ఒక చిన్న వృత్తం, పక్కన మీరు పెట్టిన పేరు కనిపిస్తాయి. లేని టెలిస్కోపు చూస్తున్న చోటు అదే.

ఎఫ్3 నొక్కి ఎం42 అని వెతకండి. మృగశిర చుక్కల కింద ఉండే మహా నీహారిక ఎంపికవుతుంది. కంట్రోల్ మీటతో పాటు 1 నొక్కండి. వృత్తం కదిలి నీహారిక మీదికి వస్తుంది. ఆల్ట్‌తో పాటు 1 నొక్కితే తెర మధ్యలో ఏ చోటు ఉంటే అక్కడికి పోతుంది. కంట్రోల్, 0 కలిపి నొక్కితే అంకెలు స్వయంగా నింపగల చిన్న కిటికీ వస్తుంది. ఈ మూడూ చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయండి. చీకట్లో, దోమల మధ్య, డాబా మీద నిలబడి మీటలు వెతుక్కోవడం కంటే ఇది ఎంతో హాయి.

కేబులు

నెక్స్‌స్టార్‌లో కంప్యూటర్ కేబుల్ పెట్టాల్సింది మౌంట్‌కు కాదు, చేత్తో పట్టుకునే హ్యాండ్ కంట్రోల్ అడుగున. కొత్త వాటిలో అక్కడ యూఎస్‌బీ సాకెట్ ఉంటుంది. పాతవాటిలో ఫోను తీగ సాకెట్‌ను పోలిన చిన్న సాకెట్ ఉంటుంది. దాని నుంచి సీరియల్ కేబుల్, దానికి యూఎస్‌బీ కన్వర్టర్ కావాలి. మౌంట్ మీద కూడా ఇలాంటి సాకెట్లే కనిపిస్తాయి, కానీ అవి వేరే పరికరాల కోసం. సీరియల్ కేబుల్‌ను వాటిలో పెట్టకండి. సాకెట్ ఆకారం ఒకటే కాబట్టి లోపల ప్రవహించే విద్యుత్తు కూడా ఒకటే అనుకుంటే సర్క్యూట్ కాలిపోవచ్చు.

కన్వర్టర్ కొనేటప్పుడు లోపలి చిప్ ఏదో అడిగి తెలుసుకోండి. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నవి కొంచెం ఖరీదెక్కువైనా వాటికే నా ఓటు, ఎందుకంటే వాటి డ్రైవర్లతో చిక్కులు తక్కువ. నకిలీ చిప్ ఉన్న చౌక కన్వర్టర్లను విండోస్ కొత్త డ్రైవర్లు నిరాకరించడం మామూలే.

కేబుల్ పొడవుకు హద్దులున్నాయి. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. సీరియల్ కేబుల్ 15 మీటర్ల దాకా పనిచేస్తుంది. అందువల్ల డాబా నుంచి గది దాకా తీగ లాగాలంటే పొడవైన భాగం సీరియల్‌ది, పొట్టి భాగం యూఎస్‌బీది అయ్యేలా చూసుకోవాలి. అంతకంటే దూరమైతే తీగ ఆలోచన మానేయండి. దానికి వేరే దారి ఉంది, కింద చెబుతాను.

కేబుల్ పెట్టాక విండోస్ డివైస్ మేనేజర్‌లో పోర్టుల జాబితా తెరవండి. కామ్ అనే మాట పక్కన ఒక అంకె కనిపిస్తుంది: కామ్3, కామ్5, ఇలా. దాన్ని రాసిపెట్టుకోండి. అదే కేబుల్‌ను రేపు ల్యాప్‌టాప్‌లో వేరే రంధ్రంలో పెడితే అంకె మారిపోవచ్చు. ఆ రంధ్రం పక్కన చిన్న రంగు చీటీ అంటిస్తే చాలా సమయం మిగులుతుంది. లినక్స్ వాడేవారు తమ యూజర్ పేరును డయలవుట్ అనే గ్రూపులో చేర్చుకోవాలి. లేకపోతే పోర్టు కనిపిస్తుంది కానీ తెరుచుకోదు.

తీగలో జరిగే సంభాషణ చాలా చిన్నది. వేగం 9600 బాడ్, అంటే సెకనుకు 9600 బిట్లు. కంప్యూటర్ ఒక ఇంగ్లీషు అక్షరం పంపుతుంది, హ్యాండ్ కంట్రోల్ జవాబిస్తుంది. పెద్ద కె అక్షరం, దాని వెనక మరో అక్షరం పంపితే ఆ రెండో అక్షరమే తిరిగి వస్తుంది. తీగ బాగుందా లేదా చూడటానికే ఈ ఏర్పాటు. నెక్స్‌స్టార్ పాత పద్ధతిలో పూర్తి వృత్తాన్ని 65,536 భాగాలు చేసి చెబుతుంది, అంటే ఒక్కో భాగం దాదాపు 20 వికళలు (డిగ్రీలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికళ). కొత్త పద్ధతిలో ఇంకా సన్నగా చెబుతుంది. మీకు చూపులో తేడా వస్తే దానికి కారణం ఈ అంకెల సూక్ష్మత మాత్రం కాదని దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

కరెంటు విషయం ఒక్క మాటలో: 12 వోల్టుల అడాప్టర్ గానీ బ్యాటరీ గానీ వాడండి. ఎనిమిది చిన్న సెల్లు పెట్టే చోటు మౌంట్‌లో ఉంది, కానీ కంప్యూటర్‌తో రాత్రంతా తిప్పితే అవి తొందరగా నీరసిస్తాయి. వోల్టేజీ పడిపోతే హ్యాండ్ కంట్రోల్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, చేసిన అలైన్‌మెంట్ పోతుంది. కరెంటు కోతలున్న ఊళ్లలో అడాప్టర్ కంటే విడి బ్యాటరీయే నమ్మకమైనది.

కాలం, స్థలం, అరగంట

సూర్యాస్తమయం తర్వాత టెలిస్కోపును డాబా మీద పెట్టి, ట్రైపాడ్‌ను మట్టపలకతో సమం చేసి, హ్యాండ్ కంట్రోల్ వెలిగించండి. అది తేదీ, సమయం, ఊరు అడుగుతుంది. తేదీలో ముందు నెల, తర్వాత రోజు వస్తాయి. ఏప్రిల్ 5ను మనకు అలవాటైన వరసలో నింపితే అది మే 4 అనుకుంటుంది. డేలైట్ సేవింగ్ అని అడిగితే లేదు అని, అంటే స్టాండర్డ్ అని చెప్పాలి.

తర్వాత టైమ్ జోన్ అడుగుతుంది. మనది గ్రీనిచ్‌కు 5 గంటల 30 నిమిషాలు ముందు. గంటల లెక్కలో మాత్రమే జోన్లు చూపించే హ్యాండ్ కంట్రోళ్లు ఉన్నాయి, వాటిలో 5 ఉంటుంది, 6 ఉంటుంది, ఐదున్నర ఉండదు. మీ దాంట్లో 5:30 కనిపించకపోతే జోన్‌ను సున్నాగా పెట్టి, గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసేసి ఆ సమయాన్ని నింపండి. రాత్రి 8 గంటలకు 14:30 అవుతుంది. తెల్లవారుజామున చూసేవారు తేదీని కూడా ఒకరోజు వెనక్కి జరపాలని మరవకండి. 3 గంటలకు గ్రీనిచ్‌లో ఇంకా నిన్నటి రాత్రి 9:30 మాత్రమే.

దీని మీద ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఆకాశం 4 నిమిషాలకు 1 డిగ్రీ చొప్పున తిరుగుతుంది. అరగంట తేడా అంటే ఏడున్నర డిగ్రీలు, చందమామలు పదిహేను పక్కపక్కన పేర్చినంత దూరం. స్కై అలైన్ అనే పద్ధతిలో హ్యాండ్ కంట్రోల్ మీరు చూపిన మూడు చుక్కలు ఏవో సమయాన్ని బట్టే ఊహిస్తుంది. సమయమే తప్పయితే ఒక చుక్కను ఇంకో చుక్క అనుకుంటుంది, లేదా అలైన్‌మెంట్ విఫలమైందని చెబుతుంది.

అలైన్‌మెంట్

నెక్స్‌స్టార్‌ను తీగతో కలిపినప్పుడు అలైన్‌మెంట్ హ్యాండ్ కంట్రోల్‌తోనే, చేత్తోనే చేయాలి. స్టెల్లేరియం ఆ పని చేయదు. అందుకని ముందు అలైన్‌మెంట్, తర్వాతే కంప్యూటర్ కనెక్షన్.

నాకు బాగా నచ్చిన పద్ధతి రెండు చుక్కల ఆటో అలైన్‌మెంట్. మొదటి చుక్కను మీరు జాబితాలోంచి ఎంచుకుని ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మధ్యలోకి తెస్తారు. రెండో చుక్క దగ్గరికి టెలిస్కోపు దాదాపు తానే వెళుతుంది, మీరు సరిచేస్తారు. చుక్కల పేర్లు తెలిసి ఉండాలి, అంతే. మనకు పంచాంగం ద్వారా ఎన్నో పేర్లు వచ్చు, కానీ జాబితాలో అవి వేరే పేర్లతో ఉంటాయి. మఖ అక్కడ రెగ్యులస్, చిత్త స్పైకా, స్వాతి ఆర్క్‌టరస్, జ్యేష్ఠ యాంటారెస్, రోహిణి ఆల్డెబరాన్, శ్రవణం ఆల్టెయిర్, అభిజిత్తు వేగా. లుబ్ధకం సిరియస్, బ్రహ్మహృదయం కాపెల్లా, అగస్త్యుడు కానోపస్.

రెండు చుక్కలూ దూరదూరంగా ఉండాలి. కనీసం 50, 60 డిగ్రీలైనా ఎడం ఉంటే మంచిది. చాచిన చేతి పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు కాబట్టి కొలుచుకోవడం తేలికే. మరీ దిగువన ఉన్నవి వద్దు, గాలి పొరలు వాటి స్థానాన్ని కొంచెం పైకెత్తి చూపుతాయి. నడినెత్తిన ఉన్నవి అసలే వద్దు. అక్కడ ఈ రకం మౌంట్ కొద్దిపాటి సవరణకు కూడా అటు నుంచి ఇటు గిరగిరా తిరగాల్సి వస్తుంది. మన అక్షాంశాల్లో ఈ హెచ్చరిక మరింత ముఖ్యం, ఎందుకంటే రోహిణి, స్వాతి రెండూ తెలంగాణ, ఉత్తరాంధ్రల మీదుగా సరిగ్గా తల మీదికే వస్తాయి. స్వాతి తల మీద ఉన్న సమయంలో దాన్ని ఎంచుకోకండి. ఫిబ్రవరి రాత్రి 8 గంటలకు లుబ్ధకం, బ్రహ్మహృదయం చక్కని జంట. మే నెలలో రాత్రి 10 గంటలకు మఖ, జ్యేష్ఠ. అక్టోబరులో అభిజిత్తు, దక్షిణాన ఒంటరిగా మెరిసే ఫోమల్‌హాట్.

చుక్కను మధ్యలోకి తెచ్చేటప్పుడు చివరి కదలిక పైకి, కుడికి గుర్తులున్న మీటలతోనే జరగాలి. గేర్ల పళ్ల మధ్య కొద్దిగా ఖాళీ ఉంటుంది. ప్రతిసారీ ఒకే వైపు నుంచి వచ్చి ఆగితే ఆ ఖాళీ వల్ల తేడా రాదు. టెలిస్కోపు తానుగా తిరిగి ఆగేటప్పుడు కూడా అటు నుంచే వచ్చి ఆగుతుంది. చుక్కను దాటిపోతే వెనక్కి లాగి ఆపేయకుండా, ఇంకా వెనక్కి పోయి మళ్లీ ముందుకు రండి. ఇంత చిన్న అలవాటు ఆ రాత్రంతా గురి కుదిరేలా చేస్తుంది.

అలైన్‌మెంట్ పూర్తయ్యాక కంప్యూటర్‌ను కలపకుండానే హ్యాండ్ కంట్రోల్‌తో రెండు మూడు వస్తువులకు పంపి చూడండి. అవి ఐపీస్‌లోకి వస్తేనే ముందుకు పదండి. ఇక్కడ రాకపోతే కంప్యూటర్‌తోనూ రావు.

ఇప్పుడు కంప్యూటర్

స్టెల్లేరియంలో మళ్లీ టెలిస్కోప్ కంట్రోల్ తెరిచి కొత్త టెలిస్కోపు చేర్చండి. ఈసారి సీరియల్ పోర్టు ద్వారా నేరుగా అన్న ఎంపిక తీసుకుని, పరికరాల జాబితాలో సెలెస్ట్రాన్ నెక్స్‌స్టార్‌ను, మీరు రాసిపెట్టుకున్న కామ్ అంకెను ఎంచుకోండి. కనెక్ట్ నొక్కితే తెర మీద వృత్తం టెలిస్కోపు ఇప్పుడు చూస్తున్న చోట కనిపించాలి. హ్యాండ్ కంట్రోల్ బాణాలతో టెలిస్కోపును కొంచెం కదిపి, వృత్తం కూడా కదులుతోందో లేదో చూడండి. కదిలితే అంతా కలిసినట్టే.

విండోస్ వాడేవారికి ఇంకో దారి ఉంది, దీర్ఘకాలానికి అదే మేలని నా అభిప్రాయం. ప్రోగ్రాములకూ టెలిస్కోపు డ్రైవర్లకూ మధ్యవర్తిగా ఉండే ఆస్కాం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ముందు పెట్టుకుని, ఆ తర్వాత మీ టెలిస్కోపు ఆస్కాం డ్రైవర్‌ను పెట్టుకోండి. ఈ వరస తప్పకూడదు. స్టెల్లేరియంలో ఆస్కాం ద్వారా అన్న ఎంపిక తీసుకుని అక్కడే డ్రైవర్‌ను ఎంచుకుంటారు. లాభం ఏమిటంటే, రేపు కెమెరా కోసం ఇంకో ప్రోగ్రాం తెరిచినా రెండూ ఒకే డ్రైవర్ ద్వారా టెలిస్కోపుతో మాట్లాడగలవు. నేరుగా సీరియల్ పోర్టు పట్టుకున్న ప్రోగ్రాం దాన్ని ఇంకొకరికి వదలదు. పోర్టు తెరవలేకపోయానన్న సందేశం వస్తే, మరో ప్రోగ్రాం ఏదైనా తెరిచి ఉందేమో చూడటం మొదటి పని.

జే2000, జేనౌ: అయన చలనం ఇక్కడ ఎదురవుతుంది

టెలిస్కోపును చేర్చే ఆ కిటికీలోనే జే2000, జేనౌ అని రెండు ఎంపికలుంటాయి. చాలామంది పట్టించుకోకుండా వదిలేసే ఈ ఎంపిక వల్ల వస్తువు ఐపీస్ అంచుకు జరిగిపోతుంది.

పంచాంగం చూసే ఇళ్లలో అయనాంశ అనే మాట వినే ఉంటారు. భూమి అక్షం నెమ్మదిగా గుండ్రంగా ఊగుతూ దాదాపు 26 వేల ఏళ్లకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. దాంతో విషువ బిందువు ఏడాదికి సుమారు 50 వికళలు జరుగుతుంది. చుక్కల విషువాంశాన్ని ఆ బిందువు నుంచి, క్రాంతిని ఆకాశపు మధ్యరేఖ నుంచి కొలుస్తారు, ఆ రెండూ జరుగుతూ ఉంటాయి కాబట్టి, ఏ ఏడాది లెక్క అన్నది చెప్పకుండా ఒక చుక్క స్థానం చెప్పడం కుదరదు. హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల గత శతాబ్దం మొదట్లో ఆకాశాన్ని ఫొటోలు తీసే అంతర్జాతీయ పథకంలో చేరి, క్రాంతి −17 నుంచి −23 డిగ్రీల దాకా ఉన్న పట్టీని తన వాటాగా తీసుకుంది. ఆ నక్షత్ర పట్టికను 1900 సంవత్సరపు లెక్కకు కట్టారు. ఇప్పటి పట్టికలను 2000 లెక్కకు కడుతున్నారు. జే2000 అంటే అదే. జేనౌ అంటే ఈ రోజు లెక్క.

2000 నుంచి ఇప్పటిదాకా పోగైన జరుగుబాటు 20 కళలు దాటింది. చందమామ వ్యాసం 30 కళలు. 6ఎస్ఈతో వచ్చే 25 మిల్లీమీటర్ల ఐపీస్‌లో కనిపించే ఆకాశం మొత్తం దాదాపు 50 కళలు, అంటే మధ్య నుంచి అంచుకు 25. కంప్యూటర్ ఒక లెక్కలో, టెలిస్కోపు ఇంకో లెక్కలో ఉంటే వస్తువు అంచు దగ్గరకు పోతుందనడానికి ఈ అంకెలే సాక్ష్యం. హ్యాండ్ కంట్రోల్ ఉన్న మౌంట్లకు సాధారణంగా జేనౌ సరిపోతుంది. పరీక్షించడం తేలిక: హ్యాండ్ కంట్రోల్‌తో ఒక చుక్కను మధ్యలోకి తెచ్చి, తెర మీద వృత్తం ఆ చుక్క మీదే ఉందా, పక్కకు ఉందా చూడండి. చుక్క మారినా వృత్తం ఎప్పుడూ దాదాపు తూర్పు పడమరల దిశలోనే, మూడో వంతు డిగ్రీ పక్కకు ఉంటే ఎంపికను మార్చండి.

మొదటిసారి తిప్పేటప్పుడు

మొదటి కొన్ని సార్లు గదిలో కూర్చోకండి. ల్యాప్‌టాప్‌ను డాబా మీదికే తీసుకెళ్లి, టెలిస్కోపు పక్కన నిలబడి చూడండి. గొట్టం పైకి లేచినప్పుడు వెనక ఉన్న ఐపీస్ గానీ కెమెరా గానీ మౌంట్ అడుగుకు తగులుతుందా? కరెంటు తీగ ట్రైపాడ్‌కు చుట్టుకుంటోందా? హ్యాండ్ కంట్రోల్ మెనూలో ఎత్తు హద్దులు పెట్టే స్లూ లిమిట్స్, తీగ చుట్టుకోకుండా వెనక్కి తిప్పే కార్డ్‌ర్యాప్ అనే అమరికలున్నాయి. గది నుంచి నడిపే ఆలోచన ఉంటే ఈ రెండూ తప్పనిసరి. ఆపే మీట ఎక్కడుందో ముందే తెలుసుకోండి. నెక్స్‌స్టార్ తిరుగుతుండగా హ్యాండ్ కంట్రోల్ బాణం మీట ఏదైనా నొక్కితే ఆగుతుంది.

సూర్యుడి గురించి: స్టెల్లేరియం సూర్యుణ్ని కూడా మిగతా వస్తువుల్లాగే చూస్తుంది. నొక్కితే టెలిస్కోపును అక్కడికి పంపుతుంది, అడ్డుకోదు. ముందు భాగాన సరైన సౌర ఫిల్టర్ లేని టెలిస్కోపు ఒక్క క్షణం సూర్యుడి వైపు తిరిగినా కంటి చూపు పోతుంది, కెమెరా కాలిపోతుంది. పగలు సాధన చేయాలంటే అనుకరణ టెలిస్కోపుతో చేయండి. నిజమైన దాన్ని కదపాలంటే మూత తీయకుండా కదపండి, ఫైండర్ (గురి చూసుకునే చిన్న టెలిస్కోపు) ఉంటే దాని మూత కూడా. పిల్లలున్న ఇంట్లో ఈ నియమానికి మినహాయింపు ఉండకూడదు.

గదిలోంచి నడపడం

ఇప్పుడు దూరం సంగతి. 6ఎస్ఈకి వై-ఫై పరికరం విడిగా దొరుకుతుంది, అది మౌంట్ మీది ఆక్స్ సాకెట్‌లో పెట్టేది. అది తనదైన వై-ఫైని ప్రసారం చేస్తుంది. దానికి నేరుగా కలిసినప్పుడు చిరునామా 1.2.3.4, పోర్టు 2000. అలా కలిసినప్పుడు ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఉండదు కాబట్టి, దాన్ని ఇంటి వై-ఫైలో చేర్చే పద్ధతి మేలు. ఈ దారిలో అలైన్‌మెంట్ హ్యాండ్ కంట్రోల్‌తో కాదు, సీపీడబ్ల్యూఐ అనే సెలెస్ట్రాన్ ఉచిత ప్రోగ్రాంలో చేస్తారు. స్టెల్లేరియంను దాని ఆస్కాం డ్రైవర్‌కు కలపాలి.

నాకు ఎక్కువ ఇష్టమైనది రాస్‌ప్‌బెర్రీ పై దారి. అరచేతిలో పట్టే ఈ చిన్న కంప్యూటర్‌ను ట్రైపాడ్‌కు కట్టి, పొట్టి యూఎస్‌బీ కేబుల్‌తో హ్యాండ్ కంట్రోల్‌కు కలుపుతారు. అందులో కంప్యూటర్ ఆదేశాలను టెలిస్కోపుకు అందించే ఇండీ అనే ఉచిత సర్వర్ నడుస్తుంది. గదిలోని కంప్యూటర్‌లో కేస్టార్స్ అనే ఆకాశపటం ప్రోగ్రాం తెరిచి, దానిలో టెలిస్కోపును నడిపే ఈకోస్ అనే భాగంలో కొత్త ప్రొఫైల్ రాయండి: మోడ్ రిమోట్, చిరునామా పై కంప్యూటర్‌ది, పోర్టు 7624, మౌంట్‌గా సెలెస్ట్రాన్. స్టార్ట్ నొక్కితే ఇంటి వై-ఫై మీదుగా టెలిస్కోపు చేతికి వస్తుంది. మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోయినా డాబా మీద టెలిస్కోపు చుక్కను అనుసరిస్తూనే ఉంటుంది. స్టెల్లేరియం కూడా ఇదే ఇండీ సర్వర్‌కు కలుస్తుంది, కాబట్టి అలవాటైన తెరను వదులుకోనక్కర్లేదు.

గదిలో ఉన్నప్పుడు ఐపీస్‌లో చూసేవారు ఉండరు. అక్కడ కెమెరా కావాలి. కెమెరా రాగానే మొదట చెప్పుకున్న లోపం కూడా తీరుతుంది. కంప్యూటర్ ఇప్పుడు ఆకాశాన్ని చూడగలదు. ప్లేట్ సాల్వింగ్ అనే పద్ధతిలో, కెమెరా కొన్ని సెకన్ల ఫొటో తీస్తుంది. ఆస్ట్రోమెట్రీ.నెట్ లేదా ఆస్టాప్ అనే ప్రోగ్రాం ఆ ఫొటోలోని చుక్కల అమరికను పట్టికతో పోల్చి, టెలిస్కోపు నిజంగా ఎటు చూస్తోందో చెబుతుంది. అసలు గురికీ దానికీ ఉన్న తేడాను ఈకోస్ సరిచేసి మళ్లీ ఫొటో తీస్తుంది, గురి కుదిరేదాకా. అలైన్‌మెంట్ కొంచెం వంకరగా ఉన్నా, ట్రైపాడ్ కాలు కొద్దిగా దిగినా ఇక భయం లేదు.

ఒక్క జాగ్రత్త: ఫొటోలో తగినన్ని చుక్కలు పడాలి. కెమెరా సెన్సర్ వెడల్పును టెలిస్కోపు నాభ్యంతరంతో భాగించి 57.3తో గుణిస్తే ఫొటోలో పడే ఆకాశం డిగ్రీల్లో వస్తుంది. 5.6 మిల్లీమీటర్ల చిన్న సెన్సర్‌ను 1500 మిల్లీమీటర్ల 6ఎస్ఈకి పెడితే 0.21 డిగ్రీ, అంటే 13 కళలే. దాంతో సాల్వింగ్ కష్టపడుతుంది. అదే సెన్సర్‌ను పక్కన బిగించిన 200 మిల్లీమీటర్ల చిన్న గైడ్ స్కోపుకు పెడితే 1.6 డిగ్రీలు, చుక్కలకు కొదవ ఉండదు. మొదట ఈ రెండోదే చేయండి. గైడ్ స్కోపు, పెద్ద గొట్టం ఒకే చుక్కను మధ్యలో చూపేలా బిగించడం మరవకండి.

ఇవన్నీ కుదిరాక మన దక్షిణ ఆకాశాన్ని తప్పకుండా చూడండి. మే నెల రాత్రుల్లో స్టెల్లేరియంలో ఒమేగా సెంటారై అని వెతికి పంపండి. ఐరోపాలో చాలాచోట్ల అసలు ఉదయించని ఈ మహా నక్షత్ర గుచ్ఛం హైదరాబాద్ నుంచి దక్షిణాన దాదాపు 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. దక్షిణం వైపు నీళ్ల ట్యాంకు గానీ పిట్టగోడ గానీ అడ్డు లేని చోట టెలిస్కోపు పెట్టుకుంటే చాలు.

ముగించేటప్పుడు ముందు స్టెల్లేరియంలో డిస్‌కనెక్ట్ చేసి, తర్వాత హ్యాండ్ కంట్రోల్‌లో హైబర్నేట్ ఎంచుకుని, ఆపైనే కరెంటు తీయండి. టెలిస్కోపును కదపకుండా అలాగే ఉంచితే మరుసటి రాత్రి అలైన్‌మెంట్ మళ్లీ చేయనక్కర్లేదు. రాత్రంతా బయట వదిలేట్టయితే మంచు, వాన తగలని తొడుగు వేసి, మూతలు పెట్టి, తూర్పున సూర్యుడు లేచే వైపుకు గొట్టం తిరిగి లేదని చూసుకుని దిగండి.